కింద ఎవరున్నారు?

ఉదయం ఏడు ముప్పావు. షిఫ్టు మారే వేళ. పని గురించి మాట్లాడుకోవడానికి కార్మికులంతా ఓ గదిలో చేరారు. బయట ఓవర్‌హెడ్ క్రేన్‌కు వేలాడుతూ ఓ భారీ లాడిల్... అందులో 30 టన్నుల కరిగిన ఉక్కు. ఉన్నట్టుండి లాడిల్ జారింది. ఒరిగిపోయింది. దాదాపు 1500 డిగ్రీల వేడితో ఉక్కు ఆ గదిని ముంచెత్తింది. 32 మంది చనిపోయారు. ఆరుగురు గాయపడ్డారు.

2007 ఏప్రిల్ 18న చైనాలోని టీలింగ్‌లో జరిగిన ఘోరమిది. ఆ క్రేన్ మామూలు రకం, కరిగిన లోహాన్ని మోయడానికి తగింది కాదని దర్యాప్తులో తేలింది. జారుతున్న బరువును బ్రేకు ఆపలేకపోయింది. వీటికి తోడు మరో తప్పు, ఆ గది అక్కడ ఉండటం. యంత్రం మొరాయిస్తే బరువు పడుతుంది. ఆ దారిలో మనిషి ఉంటే ప్రాణం పోతుంది.

ఇలాంటి ముప్పు ఉక్కు ఫ్యాక్టరీలకే పరిమితం కాదు. చిన్న వర్క్‌షాపులోనైనా అంతే. టన్ను బరువును రెండు కాళ్ల స్లింగ్‌తో నిటారుగా లేపితే ఒక్కో కాలు మోసేది అర టన్నే. అవే కాళ్లను బాగా ఎడంగా కట్టి, నేలకు 30 డిగ్రీల వాలులో ఉంచితే ఒక్కోదానిమీద పూర్తి టన్ను లాగుడు పడుతుంది. అర టన్నుకే సరిపోయే స్లింగ్ అయితే తెగే ముప్పుంది.

మరి బరువు కిందకి మనిషి ఎందుకు వెళ్తాడు? గిరగిరా తిరుగుతుంటే చేత్తో ఆపడానికి. అటువైపు దారి దగ్గరని. పైవాళ్లు తొందరపెడుతున్నారని. ఆపడానికి బరువుకో తాడు కట్టి దూరం నుంచి లాగొచ్చు. ముందు జానెడు ఎత్తి, నిలిపి, బ్రేకు పట్టిందో లేదో చూడొచ్చు. సైగలు చేసేది ఒక్కరే కావాలి.

క్రేన్లను ఏడాదికోసారైనా నిపుణులతో పరీక్ష చేయించాలని, పట్టాల దగ్గర మనిషి పనిచేస్తుంటే ఆరు మీటర్ల లోపు క్రేన్ రాకూడదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. 2025 నవంబరులో దాని స్థానంలో వృత్తి భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. చట్టం ఏదైనా, మీట నొక్కే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ క్రేన్ ఎంత మోస్తుంది? కింద ఎవరున్నారు? మొదటిది అందరూ అడుగుతారు. రెండోదాన్ని మరిచిపోతేనే ఇంటికి చేరాల్సిన మనిషి చేరడు.