వేరే గ్రహమువారా?

పరిగి విద్యార్థి శ్రీకాకుళము పోయెననుకొందము. అక్కడి పలుకుబడి ఇతనికి, ఇతని పలుకుబడి వారికి కొంత తెలియదు. లోపమెవరిది?

ఆటిజము మెదడు ఎదుగుదలలోని భేదము. అది గలవారి చూపు, మాటతీరు ఇతరులకు కొత్తగా తోచును. అందుచే వారిని ‘వేరే గ్రహమువారు’ అనువారు కలరు. ఆటిజము గల జంతుశాస్త్రజ్ఞురాలు టెంపుల్ గ్రాండిన్ తన్ను అంగారక గ్రహము మీది మానవశాస్త్రజ్ఞురాలితో పోల్చుకొనెను. ఈ పోలికలో వింతవారు ఇతరులే! ఇట్లు తామే చెప్పుకొన్నపుడు కొందరికి ఊరట. పరులు అన్నపుడు, తాము మనుష్యులే కారన్నట్లు తోచి, పలువురికి బాధ. అపార్థము రెండువైపుల నుండి కలుగునని ఆటిజము గల పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో వివరించెను.

కావున ఉపాధ్యాయులారా, తరగతిలో అట్టి బాలుని వింతజీవి అననీయకుడు. ప్రశ్న సూటిగా అడిగి, జవాబునకు వ్యవధి యొసగుడు.