ఊపిరితిత్తుల క్యాన్సర్: ఏ దగ్గును అనుమానించాలి?

మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి పోతాయి. లారీల పొగ, గ్రానైట్‌ను కంకరగా కొట్టే క్రషర్ల దుమ్ము, టీ కొట్టు దగ్గర బీడీ వాసన ఈ ప్రాంతంలో ఉండే మీకు కొత్త కావు. మీలో కొందరు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొని వచ్చి ఈ పాఠం చదువుతుండవచ్చు.

పొగలోని రసాయనాలు శ్వాసనాళాల లోపొరలోని కణాల డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. కణం ఆ దెబ్బను చాలావరకు తానే సరిచేసుకుంటుంది. ఏళ్ల తరబడి పొగ తగులుతుంటే సరికాని మార్పులు పోగుపడి, కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ఇందుకు సాధారణంగా రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. "మా తాత జీవితమంతా తాగాడు, ఏం కాలేదు" అనే వాదం నిలవదు. అందరికీ రాకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. బీడీ ఆకుతో చుట్టినదే అయినా సిగరెట్టు కంటే మేలైనది కాదు. అది ఆరిపోకుండా ఉండాలంటే ఎక్కువసార్లు పీల్చాలి.

పొగ తాగనివారికీ ఈ వ్యాధి రావచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పని స్థలాల్లోని స్ఫటిక సిలికా ధూళిని 1997లో, డీజిల్ ఇంజిన్ పొగను 2012లో, బయటి గాలి కాలుష్యాన్ని 2013లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. క్రషర్ దగ్గర ముక్కుకు కట్టుకునే తువ్వాలు సన్నని సిలికా ధూళిని ఆపలేదు. రాయిపై నీళ్లు చల్లడం, యంత్రానికి కప్పు అమర్చడం, తగిన మాస్కు ఇవ్వడం యజమాని బాధ్యత.

మన దేశంలో అసలు చిక్కు మరొకటి. దగ్గు, బరువు తగ్గడం, తెమడలో రక్తం క్షయలోనూ ఉంటాయి, క్యాన్సర్‌లోనూ ఉంటాయి. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే, తెమడలో క్రిములు లేకున్నా, కొందరికి క్షయ మందులు మొదలుపెడతారు. నెలలు గడుస్తాయి, ఆపరేషన్‌కు వీలున్న గడ్డ ఈలోగా వీలు కాని దశకు చేరవచ్చు. కాబట్టి రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించండి. క్షయ నిర్ధారణ కాకపోయినా, మందులు వాడుతున్నా గుణం కనిపించకపోయినా "సి.టి. స్కాన్, ముక్క పరీక్ష అవసరమా?" అని డాక్టరును అడగండి. అలా అడగడం అమర్యాదేమీ కాదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ వ్యాధికి చికిత్స లభిస్తుంది.

పొగ మానినవారిలో పదేళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు, మాననివారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు విరమణ ఉచిత నంబరు 1800-11-2356.