చెరువులో నాచు పేరుకుంటే చేపకు గండం తెల్లవారుజామునే

వానలు వెనుకబట్టి ఎండ కాయగానే ఊరి చెరువు అంచున పచ్చటి నాచు తేలుతుంది. మొదట రేవు మెట్ల దగ్గర జుట్టులా కనబడి, చూస్తుండగానే చాపలా పరుచుకుంటుంది. పాచి పట్టిందని అందరూ ఊరుకుంటారు. చేపల కోసం చెరువును పాటలో పాడుకున్నవారి ఏడాది కష్టాన్ని ఆ పాచి ఒక్క రాత్రిలో తుడిచిపెట్టగలదు.

నాచును చేతిలోకి తీసుకుంటే అంతా సన్నని పోగులే. ఒక్కో పోగులో కణాలు వెదురు కణుపుల్లా ఒకదాని కొసన ఒకటి ఉంటాయి. జిగురుగా జారిపోయేది స్పైరోగైరా. ఇంటర్ పిల్లలు సూక్ష్మదర్శినిలో చూసేది దీన్నే. కణంలోని పచ్చదనం రిబ్బనులా మెలికలు తిరిగి ఉంటుంది. నూలు ఉండలా గరుకుగా తగిలేది క్లాడోఫొరా.

లోతు తక్కువై నీరు తేటగా ఉన్నచోట ఎండ అడుగుదాకా దిగుతుంది. నాచు అక్కడే మొదలవుతుంది. పేడనీళ్లు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన యూరియా, ఫాస్ఫేటు దానికి ఆహారం. ఎండలో అది వదిలే ప్రాణవాయువు బుడగలు పోగుల్లో చిక్కుకుని చాపను పైకి తేలుస్తాయి. పోగు తెగినా చావదు, ముక్క మళ్లీ పెరుగుతుంది. నీరు ఇంకిపోయే ముందు స్పైరోగైరా పోగులు జతకట్టి గట్టి పెంకు గల బీజాలను తయారుచేస్తాయి. అవి బురదలో వేసవిని దాటి, నీరు చేరగానే మొలకెత్తుతాయి.

పగలు ప్రాణవాయువు ఇచ్చే నాచు రాత్రి తానే దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో అది బాగా తగ్గిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీ ప్రమాదం. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే కొత్తనీరు పెట్టాలి, లేదా ఇంజనుతో చెరువు నీటినే పైకి చిమ్మించాలి.

కంగారుపడి చెరువంతా మైలుతుత్తం చల్లితే అసలుకే మోసం. మోతాదు మించితే చేపకే విషం. పైగా ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లుతూ మిగిలిన ప్రాణవాయువునూ హరిస్తుంది. పాత వలతో కొద్దికొద్దిగా గట్టుకు లాగి ఎరువుగుంటలో వేయడం మేలు.

వరి మడిలోనూ నాచు లేత పైరును అణచివేస్తుంది. నీరు తీసి మడిని ఆరగడితే అది ఎండిపోతుంది. సూపర్ ఫాస్ఫేటును నీటిపై చల్లకుండా ఆఖరి దమ్ములో మట్టిలో కలిసేలా వేయాలి. వరికి నత్రజని సమకూర్చే నీలి ఆకుపచ్చ నాచు వేరు, ఈ పోగుల నాచు వేరు.

పెంటకుప్పలను చెరువు గట్టుకు దూరంగా వేసుకోవడమే నాచుకు తొలి కళ్లెం.