శస్త్రచికిత్సకు ముందే చికిత్స ఎందుకు?

విద్యార్థులారా! గొంతు నుంచి జీర్ణాశయానికి ఆహారాన్ని చేరవేసే గొట్టమే ఆహారవాహిక. పెద్దవారిలో దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దీనిలో క్యాన్సర్ గడ్డ పెరిగితే మొదట గట్టి పదార్థాలు, తరువాత మెత్తనివి కూడా మింగడం కష్టమవుతుంది. ఈ గొట్టానికి సాగే గుణం ఉంది. అందువల్ల ఇబ్బంది తెలిసేసరికే చాలామందిలో వ్యాధి ముదిరి ఉంటుంది.

గడ్డను కోసి తీసివేస్తే సరిపోదా అనే సందేహం మీకు రావచ్చు. పేగులను కప్పి ఉంచే వెలుపలి పొర వంటిది ఆహారవాహికకు చాలా మేరకు ఉండదు. పైగా శ్వాసనాళం, బృహద్ధమని దీనికి ఆనుకునే ఉంటాయి. అందుచేత క్యాన్సర్ కణాలు చుట్టుపక్కల కణజాలంలోకి, లింఫు గ్రంథుల్లోకి తేలికగా చేరతాయి. అలా మిగిలిపోయిన కణాల వల్లే వ్యాధి తిరగబెడుతుంది. దూరపు అవయవాలకు వ్యాపించని దశలోనే ముందుగా మందులు, రేడియేషన్ ఇచ్చి గడ్డను కుదిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది.

ఈ విషయాన్ని నెదర్లాండ్స్‌లో జరిగిన 'క్రాస్' అధ్యయనం నిరూపించింది. 2004–2008 మధ్య చేరిన 366 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి నేరుగా శస్త్రచికిత్స చేశారు. రెండవ వర్గానికి ముందుగా 5 వారాలపాటు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులతో పాటు 23 విడతల రేడియేషన్ ఇచ్చారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు లేకుండా గడ్డ పూర్తిగా తొలగినవారు మొదటి వర్గంలో 69 శాతం, రెండవ వర్గంలో 92 శాతం. జీవితకాలపు మధ్యగతం 24 నెలల నుంచి 49 నెలలకు పెరిగింది.

మధ్యగతం గురించి గణితంలో చదివారు కదా! 49 నెలలంటే అందరూ అంతకాలమే జీవించారని కాదు. సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం జీవించారని అర్థం. పదేళ్ల తరువాత చూస్తే మొదటి వర్గంలో 25 శాతం, రెండవ వర్గంలో 38 శాతం మంది జీవించి ఉన్నారు.

అయితే అందరికీ ఒకే చికిత్స తగదు. భారతదేశంలో ఎక్కువగా కనిపించేది పొలుసుకణ క్యాన్సర్. పొగాకు, మద్యం దీనికి ముఖ్య కారణాలు. క్రాస్ పద్ధతి ఈ రకంలో మరింత బాగా పనిచేసింది. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే గ్రంథికణ క్యాన్సర్ విషయం వేరు. దీనిలో శస్త్రచికిత్సకు ముందూ వెనుకా 'ఫ్లాట్' అనే మందుల సముదాయం ఇస్తే మేలని జర్మనీ అధ్యయనం 2025లో చూపింది. అక్కడ మధ్యగతం క్రాస్ పద్ధతిలో 37 నెలలు, ఫ్లాట్‌తో 66 నెలలు.

ఈ చికిత్సలన్నీ వ్యాధి దూరం వ్యాపించకముందే సాధ్యం. ఇంట్లో ఎవరికైనా మింగడంలో ఇబ్బంది తగ్గకుండా కొనసాగుతుంటే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.