చెప్పుకొనరాని జబ్బు

నెలల తరబడి రక్తముతో, జిగటతో విరేచనములగుచున్నను, మన యిండ్లలో మొట్టమొదట వినవచ్చు తీర్పు ‘వేడి చేసింది’ అనునదియే. మజ్జిగలో మెంతులు నానవేసి త్రాగింతురు. తగ్గకున్న మొలలని నిశ్చయించి, మొలల వైద్యుని బోర్డు వెదకికొని పోవుదురు. ఇట్లు కాలము గడచిన పిమ్మట, కొలనోస్కోపీ చేసిన వైద్యుడు ‘అల్సరేటివ్ కొలైటిస్’ అనియో, ‘క్రోన్స్’ అనియో పేరు చెప్పినపుడు, తన బాధ కల్పన కాదని తేలినందుకు రోగికి మొదట కలుగునది ఊరటయే. ఆ వెంటనే, ఇది పూర్తిగా పోవునది కాదు, అదుపులో నుంచుకొనవలసినది అను మాట చెవిని పడును.

కొలైటిస్ పెద్దప్రేగు లోపొరకు పరిమితమై, మలాశయమునుండి పైకి ప్రాకును. 1932లో న్యూయార్కు వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్‌లు వర్ణించిన రెండవది నోటినుండి మలద్వారమువరకు ఎక్కడనైనను పుట్టి, ప్రేగు గోడలోనికి లోతుగా దిగగలదు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే ప్రేగుపై తిరుగబడుటచే ఇవి కలుగును గాని, తల్లి పెట్టిన ఆవకాయవలన గాని, పూర్వజన్మ పాపమువలన గాని కాదు. మన దేశమున ప్రేగుల క్షయ కూడ క్రోన్స్ వలెనే కనబడును గనుక, వైద్యుడు ముక్క తీసి పరీక్షకు పంపి, నిదానించి మందు మొదలుపెట్టుటలో అర్థము కలదు.

1955లో ఆక్స్‌ఫర్డు వైద్యులు ట్రూలవ్, విట్స్ కార్టిసోను అను స్టెరాయిడు ప్రయోజనమును పరీక్షించి ప్రకటించుటకు ముందు, తీవ్రముగా రేగిన కొలైటిస్ తరచు ప్రాణములు తీయుచుండెడిది. నేటి చిక్కు వేరు. కొన్ని నెలలు కడుపు నెమ్మదిగా నున్నచో, బిళ్ళలు దండుగయని మానివేయుదురు. ముఖము ఉబ్బినదని స్టెరాయిడును ఒక్కసారిగా ఆపుట మరింత ప్రమాదము. మోకాలి నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కొను బిళ్ళ కూడ చల్లారిన ప్రేగును రేపవచ్చును.

అయినను రోగిని క్రుంగదీయునది నొప్పికంటె సిగ్గేయని నా అభిప్రాయము. హైదరాబాదునుండి విజయవాడకు బస్సెక్కవలసినవాడు ముందు రాత్రినుండి అన్నము మాని, మంచినీళ్ళు సైతము ముట్టక, బస్సు ఏ దాబాయొద్ద ఎంతసేపు ఆగునో కంఠస్థము చేసికొని కూర్చుండును; పెండ్లికి పిలిచిన ఏదో సాకు చెప్పును; క్రమముగా గడప దాటుటయే మానును. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అను వంగ ప్రయాణికుడు, తాను దొడ్డికి దిగియుండగా రైలు కదలినదనియు, పరుగెత్తబోయి పడి నలుగురిలో నగుబాటైతిననియు రైల్వేవారికి వ్రాసిన లేఖ చదివి మనము నేటికిని నవ్వుకొందుము. ఈ రోగికి మాత్రము ఆ నవ్వు రాదు.

నీళ్ళు మానుట ఉపాయము కాదు, నీరసమునకు దారి. ఒక జత బట్టలు, సబ్బు, ప్లాస్టిక్ కవరు, మందుల చీటీ నకలు గల చిన్న సంచి చేతనుంచుకొని, ఎక్కునపుడే కండక్టరుతో ఒక మాట చెప్పినచో సగము బెదురు తీరును. ఆఫీసులో పైఅధికారితో కూడ ఇంతమాత్రము చాలును: “నాకు పెద్దప్రేగులో పుండ్ల జబ్బుందండీ. ఎవరికీ అంటుకోదు. ఒక్కొక్కసారి ఉన్నపళంగా లేచి వెళ్ళాల్సి వస్తుంది, ఏమీ అనుకోకండి.” అంతకు మించిన వివరము ఎవరికిని బాకీ లేదు. దిగులు ముదిరి నిద్ర పట్టనినాడు మనోవైద్యుని చూచుట, రక్తము తగ్గినపుడు ఇనుము ఎక్కించుకొనుట వంటిదే.

తిండి విషయమున ఇంటివారి ప్రేమయే ఇబ్బంది పెట్టును. పాలు పడవని ఒకరు, పప్పు పనికిరాదని మరియొకరు చెప్పగా చెప్పగా, తుదకు చారన్నమే మిగిలి మనిషి ఎండిపోవును. ఏది తిన్ననాడు ఏమైనదో తానే నోటుపుస్తకములో వ్రాసికొనుట, ఎదుటివారి అనుభవము నమ్ముటకంటె మేలు.

అన్నిటికంటె దుర్భరమైన దాపరికము ఆడపిల్లల పెండ్లి మాటలలో జరుగును. సంబంధము తప్పిపోవునని తల్లిదండ్రులు దాచుదురు. అత్తవారింట బిళ్ళలు చీరల మడతలలో చేరును. పదిమంది నడుమ వేళకు వేసికొనుట కుదరక, పిల్ల మానివేయును. కొంతకాలమునకు జబ్బు రేగి, అందరి యెదుట బయటపడును. వ్యాధి అణగియున్న స్త్రీలలో అధికులు నిక్షేపముగా గర్భము ధరించి బిడ్డలను కనుచున్నారను సంగతి ముందే తెలిసినచో ఈ భయము చాలవరకు విడును. మందులలో పెక్కింటిని గర్భకాలమునను కొనసాగింతురు. మెథోట్రెక్సేట్‌ను మాత్రము కొన్ని నెలల ముందే ఆపవలసియుండును. కనుక పిల్లలను గూర్చి తలపెట్టక పూర్వమే భార్యాభర్తలిద్దరును కలిసి వైద్యుని యొద్దకు పోవలెను.