సిగ్నల్ ఫుల్లున్నది, నెట్ మాత్రం లేదు!

"సిగ్నల్ ఫుల్లున్నది, నెట్ మాత్రం వస్తలేదు." జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏ సెల్‌ఫోన్ దుకాణంలో కూర్చున్నా ఈ ఫిర్యాదు చెవిన పడుతుంది. ఫిర్యాదు నిజమే, ఫోను చూపించేదీ నిజమే. ఫోను మీది గీతలు చెప్పేది టవరు నుంచి వచ్చే రేడియో తరంగం ఎంత బలంగా ఉందన్న సంగతే. టవరు అవతల కేబుల్ తెగిందా, రీచార్జి అయిపోయిందా అన్నది వాటికి పట్టదు.

మరి నెట్ ఉందో లేదో ఫోనుకు ఎట్లా తెలుస్తుంది? అడిగి తెలుసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోను కొత్త నెట్‌వర్కుకు కలవగానే గూగుల్ సర్వర్‌లోని 'జనరేట్ 204' అనే చిరునామాను పలకరిస్తుంది. వెబ్ లెక్కల్లో 204 అంటే 'అడిగింది అందింది, పంపడానికి ఏమీ లేదు' అని. ఆ ఖాళీ జవాబు వస్తే నెట్ ఉన్నట్టే. ఐఫోన్ అయితే యాపిల్ పేజీ నుంచి 'సక్సెస్' అన్న మాట కోసం చూస్తుంది. విండోస్ 10 కంప్యూటర్‌కు 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అన్న మూడు మాటలు రావాలి. వీటికి బదులు ఇంకేదో పేజీ వచ్చిందంటే మధ్యలో ఎవరో అడ్డం నిలిచారన్నమాట. రైల్వే స్టేషన్లలో రైల్‌వైర్ వైఫైకి కలిసినప్పుడు ఫోను నంబరు, ఓటీపీ అడిగే పేజీ ఎదురయ్యేది ఇట్లాగే.

ఫోను చేసిన ఈ పరీక్ష ఫలితాన్ని యాప్‌లు కూడా అడిగి తెలుసుకోవచ్చు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి దీనికి 'వాలిడేటెడ్' అనే గుర్తు ఉంది. 'ఇంటర్నెట్' అనే గుర్తు వేరు. అది నెట్ ఇవ్వాల్సిన నెట్‌వర్క్ అని మాత్రమే చెబుతుంది, ఇస్తోందని కాదు. రెండో గుర్తును చూసి మురిసిపోయే యాప్‌లే తెర మీద చక్రం గిరగిరా తిప్పుతూ మనల్ని కూర్చోబెడతాయి.

అసలు తిప్పలు డబ్బు దగ్గర. జగిత్యాల చల్‌గల్ మామిడి మార్కెట్లో ఒకరు యూపీఐలో డబ్బు పంపుతున్నారనుకోండి. పరీక్ష చేసినప్పుడు నెట్ ఉంది, పిన్ కొట్టారు, అభ్యర్థన బ్యాంకుకు చేరింది, జవాబు తిరిగొచ్చేలోపు నెట్ పోయింది. డబ్బు వెళ్లిందా లేదా? ఫోనుకు తెలిసే దారే లేదు. అందుకే ప్రతి లావాదేవీకీ ఒక నంబరు ఉంటుంది. నెట్ వచ్చాక 'దీని సంగతేమైంది' అని ఆ నంబరుతోనే అడగాలి, మళ్లీ కొత్తగా పంపకూడదు. ఖాతాలో కోతపడి అవతలి మనిషికి చేరకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి జమ కావాలనీ, వ్యాపారికి చెల్లించినదైతే 5 రోజుల్లోపు రావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంకు 2019లోనే నియమం పెట్టింది. ఈ సంగతి యాప్‌లు ఇంత పెద్ద అక్షరాలతో చూపిస్తే బాగుండు!

నెట్ పోవడానికి కరెంటు కోత ఇంకో కారణం. సిరిసిల్లలో కరెంటు ఇచ్చేది 1970లో మొదలైన సహకార సంఘం, జనం నోట్లో 'సెస్'. కరెంటు పోతే మరమగ్గాలతో పాటు ఇంటి రౌటర్లూ ఆగుతాయి. టవర్లకు బ్యాటరీలుంటాయి గనుక ఫోను మొబైల్ డేటాకు మారుతుంది. కరెంటు తిరిగి రాగానే వేల ఫోన్లలోని యాప్‌లు ఒక్కసారిగా సర్వర్ల మీద పడితే అవి కుప్పకూలుతాయి. అందుకని మంచి యాప్ 1 సెకను, 2, 4, 8 అంటూ ఆగే సమయాన్ని రెట్టింపు చేసుకుంటూ, దానికి కాస్త అడ్డదిడ్డంగా తేడా కలిపి ప్రయత్నిస్తుంది. ఈ ఆలోచన మూలాలు 1971లో హవాయి దీవుల మధ్య నడిచిన అలోహానెట్ రేడియో నెట్‌వర్క్‌లో ఉన్నాయి.

కోరుట్ల నుంచి దుబాయ్ పోయినవాళ్లకు ఇంకో అనుభవం. నెట్ బాగానే ఉంటుంది, వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, వాయిస్ మెసేజ్ పోతుంది, కాల్ మాత్రం కలవదు. అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్‌ను యూఏఈ అడ్డుకుంటుంది. అందుకే అక్కడ బోటిమ్ లాంటి యాప్‌లకు గిరాకీ. సౌదీ అరేబియా ఇట్లాంటి నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తేసింది. ఏ 204 పరీక్షా ఇట్లా కాల్స్‌కు వేసే అడ్డంకిని పట్టుకోలేదు.

నెట్ పరీక్ష జోలికే పోని చెల్లింపు మార్గమూ ఉంది: *99#. ఇది సాధారణ సిగ్నల్ మీదే నడుస్తుంది, తెలుగులోనూ పలుకుతుంది. 2014 ఆగస్టు 28న దేశమంతటికీ అందుబాటులోకి వచ్చింది.

నెట్ లేనప్పుడు క్రోమ్‌లో గెంతే డైనోసార్ 2014 నుంచి ఉంది, స్కోరు 99,999 దాకా పోతుంది. అది అమెరికా టీ-రెక్స్, మాంసాహారి. మన ధర్మపురిని ఒరుసుకుంటూ పోయే గోదావరి దిగువన, ప్రాణహిత లోయలో దొరికిన డైనోసార్ కోటసారస్, శాకాహారి. దాన్ని 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి లోకానికి పరిచయం చేశారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.