డెబియన్: విప్పి చూడనిచ్చే యంత్రం

జగ్గయ్యపేట నుంచో నందిగామ నుంచో సాఫ్ట్‌వేర్ కొలువు కోసం హైదరాబాద్ బస్సెక్కే పిల్లలకు ఎక్కడో ఒకచోట లినక్స్ ఎదురుపడుతుంది. దాన్ని వాడటం వేరు, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం వేరు. లోతుగా నేర్చుకోవాలనుకుంటే, డిస్ట్రోలు అనే వందల లినక్స్ రూపాల్లో దేన్ని పట్టుకోవాలి? డెబియన్‌ని పట్టుకోమంటాను. ఎందుకో దాని పుట్టుకే చెబుతుంది.

1991లో లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసింది కెర్నల్ మాత్రమే. ప్రాసెసర్, మెమరీ, డిస్కుల సంగతి అది చూసుకుంటుంది. ఫైళ్లు కాపీ చేయడానికి, ప్రోగ్రాములు కంపైల్ చేయడానికి కావలసిన పనిముట్లు చాలావరకు రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టువి. ఇలా తలో చోట తయారైనవాటిని పొసిగేలా కూర్చి ఇచ్చేదే డిస్ట్రో. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇయాన్ మర్డాక్, అప్పట్లో వాడుకలో ఉన్న ఎస్ఎల్ఎస్ అనే డిస్ట్రోలోని లోపాలతో విసిగి, 1993 ఆగస్టు 16న డెబియన్‌ను ప్రకటించాడు. అది అందరి కళ్లముందు, పదిమంది చేతుల మీదుగా తయారు కావాలన్నది అతని పట్టుదల. 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందంలో, లోపాలను దాచబోమని డెబియన్ బృందం మాటిచ్చింది. బగ్ రిపోర్టులను ఈనాటికీ ఎవరైనా చదవొచ్చు.

ఆ వేరు నుంచి చాలా కొమ్మలు వచ్చాయి. 2004లో ఉబుంటు, 2007లో మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తెచ్చిన బాస్ లినక్స్, హైదరాబాద్ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో తెచ్చిన సిస్టం, అన్నీ ఈ కుటుంబమే. డెబియన్ నేర్చినవాడికి వీటిలో ఏదీ కొత్త కాదు.

డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలుగా వస్తుంది. ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయకుండా కేవలం డౌన్‌లోడ్ చేసి, ‘ఏఆర్’ కమాండుతో విప్పండి. మూడు ముక్కలు బయటపడతాయి. మొదటిది ప్యాకేజీ పద్ధతి ఏ వెర్షనో చెప్పే చిన్న ఫైలు. రెండోది కంట్రోల్: ప్యాకేజీ పేరు, దాన్ని చూసుకునేవారి పేరు, దానికి ఇంకా ఏమేం కావాలో అందులో ఉంటాయి. మూడోది అసలు సరుకు: తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు. ఇప్పుడు ఇన్‌స్టాల్ చేస్తే అవి ఫాంట్ల డైరెక్టరీలో చేరతాయి. అక్కడ ఏ ఫైలు చేరినా తనకు చెప్పమని ‘ఫాంట్‌కాన్ఫిగ్’ అనే ప్రోగ్రాం ముందే నమోదు చేసుకుని ఉంటుంది కాబట్టి, కబురు అందగానే ఫాంట్ల పట్టికను తాజా చేస్తుంది.

ఇంకో మెట్టు దిగుదాం. టెర్మినల్‌లో ‘ప్రింట్ఎఫ్’తో జగ్గయ్యపేట అని రాసి, దాన్ని ‘డబ్ల్యూసీ’కి పంపి బైట్లు లెక్కించమనండి. 30 అంటుంది. నందిగామకు 21. కంటికి జగ్గయ్యపేటలో ఐదు అక్షరాలే. కానీ యూనికోడ్‌లో పొల్లు, గుణింతపు గుర్తు కూడా విడివిడి సంకేతాలే: జ, గ, పొల్లు, గ, య, పొల్లు, య, ప, ఏత్వం, ట. మొత్తం పది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. గ, పొల్లు, గ వరుసగా కనబడగానే ‘హార్ఫ్‌బజ్’ అనే ప్రోగ్రాం ఫాంట్‌లోని నియమాలు చదివి, గకారం కింద ఒత్తు పెట్టిస్తుంది. ఊరి పేరు తెరమీదికి రావడానికి ఇంతమంది చెయ్యి వేయాలి. వీటిలో ప్రతిదాని సోర్స్ కోడూ మీరు తెరిచి చదవొచ్చు.

కష్టమైన డిస్ట్రోతో మొదలుపెడితేనే లోతు తెలుస్తుందనే వాదన ఉంది. 2002లో వచ్చిన ఆర్చ్ నిజంగానే చాలా నేర్పుతుంది. జెంటూ ప్రధానంగా సోర్స్ నుంచే కంపైల్ చేయిస్తుంది. అయితే పాత లాప్‌టాప్ మీద ఆ కంపైలింగ్‌కే గంటలు పోతాయి. జెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టిన ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ కంపైలర్ మొదలుకొని మొత్తం సిస్టంను మనచేతే కట్టిస్తుంది. అది చేయాల్సిన పనే, కానీ రెండో ఏడాది. ఏ ముక్క ఎందుకుందో తెలిశాక కట్టేవాడికి తప్పు ఎక్కడ జరిగిందో పట్టుబడుతుంది.

కాబట్టి పాత లాప్‌టాప్‌లో డెబియన్ వేయండి. నెట్ సరిగా లేకపోతే ప్యాకేజీలను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా సరిపోతుంది. వారానికొక ప్యాకేజీ విప్పి చూడండి. తెలుగు ఒత్తు ఎక్కడైనా తప్పుగా కనిపిస్తే ఏ ప్యాకేజీ వల్లో తేల్చి, బగ్ రిపోర్టు రాయండి. మన లిపిలోని తప్పు మన కంటికే ముందు కనబడుతుంది. దాన్ని సరిచేయించగలిగిన రోజున సిస్టం మీకు లోతుగా తెలిసినట్టే.